పదిహేడో నంబరు కుర్చీ

ఆ ఆదివారం ఉదయం ఇంట్లో ఉన్నవాళ్లు ఐదుగురు. ముందుగదిలో పేపరు పట్టుకుని మామగారు, ఆయన వదిలే పేజీల కోసం ఎదురుచూస్తూ అత్తగారు, మంచం మీద వాళ్లబ్బాయి, ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ కోడలు, వంటింట్లో సింకు కింద కాళ్లు మాత్రమే బయటికి కనబడుతూ ప్లంబరు. ఈ ఐదుగురిలో ప్రాచీన గ్రీకు తత్వశాస్త్రం సాయంకాలపు తరగతిలో చేరింది కోడలు ఒక్కతే. తొమ్మిది బుధవారాలు జరిగిన ఆ తరగతిలో ఆమె కూర్చున్నది మొదటి రోజు అరగంట. మిగతా ఎనిమిది వారాలూ మిగతా నలుగురూ కూర్చున్నారు.

కోడలు బస్‌స్టేషన్‌లో, జనం పోగొట్టుకున్న వస్తువులు దాచే గదిలో గుమాస్తా. బస్సుల్లో మరిచిపోయిన గొడుగులు, టిఫిను డబ్బాలు, కళ్లజోళ్లు, ఒంటి చెప్పులు ఆ గదికి చేరతాయి. చేరడమే గానీ బయటికి వెళ్లడం తక్కువ. ఎవరు వచ్చి అడిగినా కోడలు ఒకటే మాట అంటుంది. "ఇది మీదేనని రుజువేంటి? మూడు రుజువులు కావాలి." ఆ గది కిటికీ చిన్నది, కిందికి ఉంటుంది. అవతలివాళ్ల ముఖాలు చూడాలంటే వంగాలి. ఆమె ఎప్పుడూ వంగలేదు. ఫారం పట్టుకున్న చేతులు చూస్తుంది, ఫారంలో తప్పు చూస్తుంది, ఫారం వెనక్కి తోస్తుంది.

రెండు నెలల కిందట మామగారు తన చేతికర్ర బస్సులో మరిచిపోయారు. కర్ర కోడలి గదికే చేరింది. ఇంట్లోవాళ్లు అమ్మయ్య అనుకున్నారు. కోడలు ఆయన్ని కూడా వరసలో నిలబెట్టింది, ఫారం నింపించింది, సంతకం పాత సంతకంతో కలవలేదని తిప్పి పంపింది. "రూలు అందరికీ ఒకటే మామయ్యా. మీరని చూస్తే రేపు నలుగురూ నాలుగు మాటలంటారు" అని ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ చెప్పింది. కర్ర ఇప్పటికీ రెండో అరలోనే ఉంది. ఆయన గోడ పట్టుకుని నడుస్తున్నారు.

అంత నిక్కచ్చి మనిషికి పైపదవి రాకపోతే ఎలా? ఆ గదికి సూపర్‌వైజరు పోస్టు ఖాళీ అయింది. దానికి దరఖాస్తు పెట్టాలంటే ఏదో ఒక సాయంకాలపు కోర్సు పాసైన సర్టిఫికెట్ ఉండాలన్నారు. పక్క కిటికీ ఆవిడ కుట్టుపని కోర్సులో చేరిపోయింది. కోడలు వెళ్లేసరికి కుట్టుపని నిండింది, టైపింగు నిండింది, కేకుల తయారీ కూడా నిండింది. "గ్రీకు తత్వశాస్త్రం ఉంది మేడం. అందులో ఖాళీలే ఖాళీలు" అన్నాడు అక్కడి గుమాస్తా. ఏదైతేనేం సర్టిఫికెట్టే కదా అని సంతకం పెట్టింది.

మొదటి రోజు మాస్టారు ఒక షరతు పెట్టాడు. "ఇక్కడ పేర్లు, ఊర్లు, ఉద్యోగాలు వద్దు. మనిషిని పేరుతో కాదు, ఆలోచనతో గుర్తుపట్టాలి. నేను కుర్చీ నంబరు పిలుస్తాను, ఉన్నవాళ్లు ఉన్నామనండి, చాలు." కోడలి కుర్చీ పదిహేడు. అరగంట గడిచేసరికి బస్‌స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, బుధవారం సాయంత్రాలు ఆమె డ్యూటీ మార్చడం కుదరదని. లేచి వస్తూనే ఆమెకు ఒక సంగతి తట్టింది. పిలిచేది నంబరుని. పలికేది ఎవరైతేనేం?

ఆ రకంగా అత్తగారు రెండు వారాలు, మామగారు రెండు వారాలు, భర్త ఒక వారం వెళ్లొచ్చారు. మిగతా మూడు వారాలకూ ఇంట్లో ఎవరూ దొరక్కపోతే, కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరుని పంపింది. "ఆ పని తర్వాతైనా చేయొచ్చు, ముందు వెళ్లి కూర్చో" అంది. అందుకే ఆరు వారాలుగా ఆ కుళాయి అలాగే కారుతోంది.

చిక్కల్లా చివరి వారం వచ్చింది. తరగతి గదికి రంగులు వేస్తున్నారట. మిగిలిన విద్యార్థులు నలుగురే కాబట్టి మాస్టారు, పరీక్షాధికారిణి కలిసి ఆదివారం ఇంటింటికీ వచ్చి నోటితో ప్రశ్నలడిగి, పాసైతే అక్కడికక్కడే సర్టిఫికెట్ ఇచ్చేస్తారట. దరఖాస్తుకు సోమవారం పది గంటలు ఆఖరు. పరీక్ష ఆదివారం పదకొండింటికి. తొమ్మిదింటికి కోడలు నోటుపుస్తకం తెరిచి ఇంట్లోవాళ్లని పిలిచింది.

"రెండు గంటల్లో తొమ్మిది వారాల పాఠం నాకు ఎక్కాలి. ఒక్కొక్కరూ చెప్పండి. అత్తయ్యా, మీతో మొదలు."

అత్తగారు పేపరు మడిచింది. "ఒకే నదిలో రెండుసార్లు కాలు పెట్టలేం అన్నాడమ్మా ఒకాయన. రెండోసారి కాలు పెట్టేసరికి ఆ నీళ్లు పోయి వేరే నీళ్లొస్తాయి. మనం కూడా వేరే మనుషులం అయిపోతాం. చూడు, నిన్న నేను బట్టలు మడతపెడతానన్నాను. అన్నది నిన్నటి మనిషి. ఆవిడ ఇప్పుడు లేదు."

"ఆ బట్టలు మాత్రం ఉన్నాయి కదా?" అంది కోడలు.

"అవీ నిన్నటివి కావు."

కోడలు రాసుకుని భర్త వైపు తిరిగింది. అతను దిండుకి ఆనుకునే చెప్పాడు. "ఎక్కడికైనా వెళ్లాలంటే ముందు సగం దూరం వెళ్లాలి. మిగిలిన దాంట్లో మళ్లీ సగం. అందులో మళ్లీ సగం. సగాలకి అంతు లేదు. అంచేత ఎవరూ ఎక్కడికీ చేరలేరు."

"తర్వాత?"

"నేనూ సగంలో లేచి వచ్చేశాను. ఆ రోజు మ్యాచ్ ఉంది."

వంటింట్లోంచి ప్లంబరు కేక వేశాడు. "బాబుగారూ! మేడమీద వాల్వు కట్టారా? నేనిక్కడ పైపు ఊడదీసి గుడ్డ చుట్టి పట్టుకున్నాను. చెయ్యి తీస్తే నీళ్లు చిమ్ముతాయి!"

"వెళ్తున్నా, వెళ్తున్నా. సగం దూరం వచ్చేశా" అన్నాడు భర్త దిండు సర్దుకుంటూ.

మామగారి పాఠం అన్నిటికన్నా పొట్టిది. "దేన్నీ కచ్చితంగా తెలుసుకోలేం అమ్మాయీ. అందుకని దేని మీదా తీర్పు చెప్పకూడదు. 'అలా కనిపిస్తోంది' అని ఊరుకోవాలి. మనసుకి ఎంత హాయిగా ఉంటుందో." ఆ పాఠం విన్నప్పటి నుంచి ఆయన కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పడం కూడా మానేశారు. ఎక్కువైనట్టు కనిపిస్తోంది అంటారు.

ప్లంబరు పాఠం సింకు కింద నుంచే వచ్చింది. "ఓడకి చెక్క పుచ్చితే కొత్త చెక్క వేస్తారు కదమ్మగారూ? అలా ఒక్కోటీ మార్చుకుంటూ పోతే ఆఖరికి పాత చెక్క ఒక్కటీ మిగలదు. అప్పుడది పాత ఓడా, కొత్త ఓడా? మీ కుళాయే చూడండి. వాషరు మార్చా, గొట్టం మార్చా, పిడి మార్చా. ఇప్పుడిది మీ పాత కుళాయా, కాదా?"

"ముందు కారడం ఆగుతుందా, ఆగదా?"

"దాని గురించి ఆ గ్రీకులు ఏమీ చెప్పలేదండి."

కోడలు తల పట్టుకుంది. తను విన్న అరగంటలో సోక్రటీసు అనే ఆయన ఉండేవాడని తెలిసింది. తర్వాత ఆయనకేమైందో తెలియదు. "మాస్టారు ఏం అడుగుతారో ఏమో! మీసాలాయన, పొడుగ్గా ఉంటాడు, గద్దలా చూస్తాడు. చూస్తేనే భయం."

"మీసాలేంటి?" అంది అత్తగారు. "ఆయన పొట్టిగా, బట్టతలతో, బూరెబుగ్గలు వేసుకుని ఉంటాడు. పాపం, భలే వినయం. మనం ఏదడిగినా 'మీరేమంటారు?' అని మననే అడుగుతాడు. అంత గొప్ప చదువు."

"నేను చూసింది మీసాలాయన్నే అత్తయ్యా."

"నువ్వు చూసింది మొదటి వారం మనిషిని. ఇప్పుడు మారుంటాడు" అని అత్తగారు తన పాఠంతో ఆ సంగతి తేల్చేసింది.

పదకొండుకి పది నిమిషాలుందనగా కోడలు అందరినీ పడకగదిలోకి తోసింది. మాస్టారికి వీళ్లందరి ముఖాలూ తెలుసు కాబట్టి ఎవరూ బయటికి రాకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు. ప్లంబరు సింకు కిందే ఉండాలి, కాళ్లు కూడా లోపలికి ముడుచుకోవాలి. "నా ప్రమోషన్ మీ నోళ్ల మీద ఆధారపడి ఉంది. మూసుకుని ఉండండి" అని తలుపు వేసింది. అప్పుడే బయట చినుకులు మొదలయ్యాయి.

గంట మోగింది. తలుపు తీస్తే ఇద్దరు. ముందు పరీక్షాధికారిణి. నెత్తి మీద ఫైలు అడ్డం పెట్టుకుని సగం తడిసి ఉంది. వెనకాల పొట్టిగా, బట్టతలతో, బూరెబుగ్గల మనిషి. కోడలు ఆయన్ని చూసి ఈయన మాస్టారు కాదే అనుకుంది. ఆయన కోడల్ని చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. ఇద్దరూ ఒకరికొకరు అతిగా నమస్కారాలు పెట్టుకున్నారు.

"మీరు… పదిహేడు?" అన్నాడాయన.

"మీరు… మాస్టారు?" అంది కోడలు.

ఇద్దరూ ఔనని తలూపారు, ఎదుటివాళ్లు ముందు ఊపితే బాగుండునన్నట్టు.

అధికారిణి కుర్చీలో కూర్చుని, ఫైలు తుడుచుకుని, కోడల్ని కిందికీ పైకీ చూసింది. "మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుంది."

కోడలికి ప్రాణం లేచొచ్చింది. "క్లాసులో చూసుంటారు మేడం. ఒక్క బుధవారం కూడా మానలేదు నేను."

"క్లాసులోకి నేను రాను. సరే. ప్రశ్నలకి ముందు గుర్తింపు. మాస్టారూ, పదిహేడో నంబరు ఈవిడేనా?"

మాస్టారి నెత్తి మీద చెమట పట్టింది. ఔనంటే అబద్ధం. కాదంటే ఇన్నాళ్లూ ఎవరికి హాజరు వేశావని అడుగుతారు. ఆయన నీళ్లు నమిలి, "పోలికలున్నాయి మేడం" అన్నాడు.

"పోలికలేంటండీ? మీ స్టూడెంటేనా, కాదా?"

"మీరేమంటారు?" అన్నాడు అలవాటు కొద్దీ.

అధికారిణి ఆయన్ని ఒక చూపు చూసి, కోడల్ని గుర్తింపు కార్డు అడిగింది. కంగారులో కోడలు మొత్తం ఏర్పాటంతా మరిచిపోయింది. "ఏవండీ! నా బ్యాగులో కార్డుంది, కాస్త తీసుకురండి!" అని కేకేసింది.

పడకగది తలుపు తెరుచుకుంది. భర్త కార్డు పట్టుకుని వచ్చాడు. "పదిహేడు!" అన్నాడు మాస్టారు, నోరు జారి.

అధికారిణి కలం ఆగింది. "ఎవరు పదిహేడు?"

"మా పెళ్లిరోజు మేడం, పదిహేడో తారీఖు" అన్నాడు భర్త. "మాస్టారికి ఎలా తెలిసిందో మరి." అని గది మధ్యలో ఆగిపోయాడు.

"ఆ కార్డు ఇలా ఇవ్వండి. అక్కడే నిలబడ్డారేంటి? ఇక్కడికి రావడానికి ఎంతసేపు?"

అడగకూడని మాట అడిగింది పాపం. ఇంట్లో ఎవరూ వినిపించుకోని ఆ ఒక్క పాఠాన్ని అతను ఐదు వారాలుగా గొంతులోనే మోస్తున్నాడు. "మంచి ప్రశ్న మేడం. మీ దగ్గరికి రావాలంటే నేను ముందు సగం దూరం రావాలి. ఆ మిగిలిన దాంట్లో మళ్లీ సగం…"

అధికారిణి కళ్లు పెద్దవి చేసింది. "ఇది నాలుగో వారం పాఠం కదా! బాగా చెప్పారే. మీకెలా తెలుసు?"

బాగా చెప్పారన్న ఆ మాట పడకగదిలోకి వినబడింది. అది వినకపోయి ఉంటే తర్వాతదేదీ జరిగేది కాదు. సగంలో లేచొచ్చినవాడికి మెప్పు దక్కితే, రెండేసి వారాలు పూర్తిగా కూర్చున్నవాళ్లు గోడ చాటున ఎలా ఉంటారు?

అధికారిణి కార్డు తీసుకుని ఫొటో చూసింది. ఫొటో తొమ్మిదేళ్ల కిందటిది. అందులో రెండు జడలు, బక్క ముఖం. ఎదురుగా ఉన్నది ముడి, గుండ్రటి ముఖం. "ఇది మీరేనా?" అని అడిగింది.

"కాదు!" అంటూ అత్తగారు బయటికొచ్చింది. "నమస్కారం మేడం. నేను ఈ అమ్మాయి అత్తగారిని. ఆ ఫొటోలో ఉన్నది ఈ అమ్మాయి కాదు. తొమ్మిదేళ్ల కిందట మా ఇంట్లో కాలు పెట్టిన అమ్మాయి వేరు. ఎంత మెత్తగా మాట్లాడేదో! నది లాంటిది మేడం మనిషి. ఆ నీళ్లు ఎప్పుడో పోయాయి."

"అత్తయ్యా!" అంది కోడలు పళ్లు కొరుకుతూ.

"పదిహేడు" అని గొణిగాడు మాస్టారు కళ్లు మూసుకుని.

"ఆగండి" అంది అధికారిణి. "ఫొటోలో ఉన్నది ఈవిడ కాదని అత్తగారే అంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

పిలవకుండానే మామగారు గోడ పట్టుకుని నడిచొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మాస్టారు ఈసారి పదిహేడు అని కూడా అనలేదు, వేళ్లు మాత్రం లెక్కపెట్టుకున్నాడు.

"పెద్దాయనా, సూటిగా చెప్పండి. ఈవిడ మీ కోడలేనా?"

మామగారు కోడల్ని తీరిగ్గా చూశారు. ఒక పక్కకి తల వంచి చూశారు. రెండో పక్కకీ వంచి చూశారు. "అలా కనిపిస్తోంది" అన్నారు.

"కనిపించడమేంటండీ? ఔనా, కాదా?"

"కచ్చితంగా చెప్పలేను మేడం. సంతకం కలిపి చూశారా?"

కోడలు తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో ఉంటోంది, ఆమె ఆమేనని చెప్పే మనిషి ఒక్కడు లేడు. అధికారిణి కాగితం మీద ఏదో రాసి గీత గీసింది. "మాస్టారూ, అసలు మీ క్లాసులో పదిహేడులు ఎంతమంది?"

మాస్టారు జవాబు చెప్పేలోగా వంటింట్లోంచి గొంతు వినబడింది. "దానికి ఓడ పాఠం ఉంది మేడం! చెక్కలు ఎన్ని మారినా ఓడ ఒకటే అనేవాళ్లున్నారు, కాదనేవాళ్లూ ఉన్నారు. నేను చెప్తాను ఉండండి!" చెప్పాలన్న ఉత్సాహంలో ప్లంబరు గుడ్డ వదిలేసి పైకి లేచాడు. వాల్వు కట్టడానికి వెళ్లాల్సిన మనిషి ఎక్కడున్నాడో చెప్పక్కర్లేదు. వంటింట్లో పైపు ఒక్కసారి బుస్సుమంది. నీళ్లు పైకప్పుని తాకి, గోడల మీదుగా దిగి, గడప దాటి ముందుగదిలోకి వచ్చేశాయి. అధికారిణి కాళ్లు ఎత్తి కుర్చీలో పెట్టుకుంది. మాస్టారు బల్ల మీదికి ఎక్కాడు. అత్తగారు ఆ నీళ్లలో ఒకసారి కాలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, "చూశారా, ఇవి వేరే నీళ్లు" అంది.

"వాల్వు!" అని అరిచింది కోడలు.

"సగం…" అని మొదలుపెట్టిన భర్త ఆమె ముఖం చూసి, జీవితంలో మొదటిసారి చివరిదాకా పరుగెత్తాడు. నీళ్లు ఆగాయి. మోకాళ్ల నుంచి నీళ్లు కారుతూ ప్లంబరు గుమ్మంలో నిలబడ్డాడు.

"మీరూ పదిహేడేనా?" అని అడిగింది అధికారిణి. అప్పటికి ఆవిడ గొంతులో ఆశ్చర్యం అయిపోయింది.

"కాదండి, ప్లంబర్ని. పదిహేడో కుర్చీలో మూడు వారాలు కూర్చున్నాను. అమ్మగారు పంపితే వెళ్లాను. పెద్దమ్మగారు రెండు, పెద్దయ్యగారు రెండు, బాబుగారు సగం. పాఠాలు బాగున్నాయండి. మళ్లీ ఎప్పుడు పెడతారు?"

అంతా అయిపోయింది. ఫైలు మూసుకుంటోంది. పక్క కిటికీ ఆవిడ సూపర్‌వైజరు కుర్చీలో కూర్చుని తన ఫారాలు తిప్పి పంపుతున్నట్టు కోడలి కళ్లకు కట్టింది. ఇక పోయేదేముందని చెయ్యెత్తి బల్ల మీది మనిషిని చూపించింది.

"నన్నంటారేంటి మేడం? ఈయన మాత్రం మాస్టారా? నేను మొదటి రోజు చూసింది మీసాలాయన్ని. ఈయన మాస్టారేనని రుజువేంటి? మూడు రుజువులు చూపించమనండి!"

బల్ల మీది మనిషి మొత్తంగా కుప్పకూలిపోయాడు. "అమ్మా, నేను ఆయన బావమరిదిని. కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు నాది. బావ రెండో వారం నుంచి నన్ను పంపించాడు. నోట్సు చూసి చదివేవాణ్ని. ఎవరైనా ప్రశ్న అడిగితే ఏం చెప్పాలో తెలియక 'మీరేమంటారు' అనేవాణ్ని. దాన్నే అందరూ మెచ్చుకున్నారు. నా తప్పేం లేదమ్మా!"

కానీ అధికారిణి అతని మాటలు వినడం లేదు. కోడల్నే చూస్తోంది. "మీరు ఇందాక అన్నారే, ఆ మాట మళ్లీ ఒకసారి అనండి."

గెలిచాననుకుంది కోడలు. నడుం మీద చెయ్యి వేసుకుని, కౌంటరు గొంతుతో, ఒక్కో ముక్కా నొక్కి అంది. "రుజువేంటి? మూడు రుజువులు కావాలి."

"నల్ల గొడుగు!" అంది అధికారిణి. "కర్ర పిడి, ఒక పుల్ల విరిగింది. బస్‌స్టేషన్‌లో ఆ చిన్న కిటికీ! వంగి వంగి నా నడుం పడిపోయింది. రసీదు తెమ్మన్నారు, తెచ్చాను. దాని మీద గొడుగు రంగు లేదన్నారు. చూసినవాళ్ల ఉత్తరం తెమ్మన్నారు, తెచ్చాను. ఉత్తరం రాసినవాళ్లు ఉన్నారని రుజువు తెమ్మన్నారు. నా గొడుగు మీ వెనకాల మూడో అరలో నాకు కనబడుతూనే ఉంది!"

అంతమందిలో ఆమె ఎవరో అనుమానం లేకుండా చెప్పిన మనిషి ఇన్నాళ్లకి దొరికింది.

"చూశారా! మీకు నేను తెలుసు!" అని కోడలు ఆనందం పట్టలేకపోయింది. "నేను నేనేనని మీరే చెప్పారు. ఇక గుర్తింపు అయిపోయినట్టే కదా మేడం?"

"అయిపోయింది. సాయంకాలపు క్లాసులు మొదలయ్యాక, అవి నడుస్తుండగానే వరసగా ఎనిమిది బుధవారాలు మీ కిటికీ దగ్గరికి వచ్చాను. ఎనిమిదిసార్లూ ఆ కిటికీ వెనకాల మీరే ఉన్నారు. క్లాసులో లేరని నాకన్నా గట్టి సాక్షి ఇంకెవరూ ఉండరు."

అధికారిణి కలం తీసి, ఒళ్లోని ఫైలు మీదే ఒక సర్టిఫికెట్ రాసింది. "కుర్చీలో ఎక్కువ వారాలు కూర్చున్నవాళ్లకే పరీక్ష అని రూలుంది. మూడు వారాలు కూర్చుంది ఈ ప్లంబరు. ప్రశ్నకి జవాబు చెప్పాడు, అడిగినదానికి నిజం చెప్పాడు. ఇవాళ ఈ రెండూ చేసింది ఇతనొక్కడే." తడవని చోటు చూసి పట్టుకోమని అతని చేతికిచ్చింది. జిరాక్సు షాపాయన్ని చూసి, "మీ సంగతి, మీ బావ సంగతి రేపు ఆఫీసులో" అంది. లేచి, నీళ్లలో అడుగులు చూసుకుంటూ, నెత్తి మీద ఫైలు పెట్టుకుని వానలోకి వెళ్లిపోయింది.

కోడలు వెనకాలే పరుగెత్తింది. "మేడం! ఆ గొడుగు మీదే! నల్లది, పిడి కర్రది, అన్నీ నేనే ఒప్పుకుంటున్నాను! రేపు పొద్దున్నే నా చేత్తో తెచ్చిస్తాను మేడం, ఒక్క సంతకం!" గేటు దాకా వెళ్లింది, గేటు దాటి వెళ్లింది. వాన పెద్దదైంది. అధికారిణి వెనక్కి తిరక్కుండానే, "అది నాదేనని నాకే ఇప్పుడు అనుమానంగా ఉంది" అని రిక్షా ఎక్కి వెళ్లిపోయింది.

కోడలు తడిసి ముద్దయి తిరిగొచ్చింది. లోపల సందడిగా ఉంది. అత్తగారు జిరాక్సు షాపాయనకి తువ్వాలు ఇచ్చినట్టుంది, ఆయన ఏదో చెబుతున్నాడు, ప్లంబరు ప్రశ్నలు అడుగుతున్నాడు, భర్త నవ్వుతున్నాడు. ఓరగా వేసి ఉన్న తలుపు తోయబోతే అది లోపలి నుంచి ఆగింది. సందులో మామగారి ముఖం కనబడింది. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి గడియ మీద.

"ఎవరు?"

"నేనే మామయ్యా. తడిసిపోతున్నాను, తియ్యండి."

"నేనే అంటే?"

"నేను మామయ్యా, మీ కోడల్ని!"

ఆయన సందులోంచి తీరిగ్గా చూశారు. జుట్టు ముఖానికి అతుక్కుని, కాటుక చెంపల మీదికి కారి ఉన్న మనిషి ఆ పొద్దుటి మనిషిలా లేదు, ఆ ఫొటోలో మనిషిలా అసలు లేదు. "అలా కనిపిస్తోంది. కానీ మీ ఆఫీసు రూలు ప్రకారం మూడు రుజువులుండాలి కదా అమ్మాయీ."

"మామయ్యా, మీ కర్ర రేపే తెచ్చిస్తాను! ఒట్టు! ఫారం కూడా అక్కర్లేదు!"

"ఏ కర్ర? అది నాదని ఇంకా తేలలేదుగా" అన్నారు మామగారు మెత్తగా. "రూలు అందరికీ ఒకటే." అని తలుపు వేసి గడియ పెట్టారు.

లోపల లెక్క మాత్రం చెడలేదు. మాస్టారు కాని మాస్టారితో కలిపి ఇంట్లో ఉన్నవాళ్లు మళ్లీ ఐదుగురే.